దేనికీ పేలని బిళ్ళ

ఓబులేసుకు విసుగు తలకెక్కింది. కదిరిలో ఖాజా సార్ షెడ్డులో బోరు మోటార్లకు స్టార్టర్ బోర్డులు కట్టడం నేర్చుకుంటున్నాడతను. గంగిరెడ్డి తోటలో పెట్టిన బోర్డు మొన్నటి పిడుగుకు కాలిపోయింది.

పిడుగు పడితే లైన్లో ఓల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఆ దెబ్బను తన మీద వేసుకోవడానికి బోర్డుకు ముందు ఒక చిన్న నీలం బిళ్ళ పెడతారు. అది ఎంత ఓల్టేజీకి మేలుకోవాలో చూసి ఎంచుకోవాలి. ఓబులేసు మొదట పెట్టినది మామూలు హెచ్చుతగ్గులకే టప్పున పేలింది. అతనికి నామోషీ అయింది. కొట్లో అన్నిటికన్నా ఎక్కువ ఓల్టేజీ ఓర్చుకునే బిళ్ళ తెచ్చి బిగించాడు. ఇది దేనికీ పేలదన్నాడు. నిజంగానే, పిడుగు పడ్డా పేలలేదు.

"చూడండి సార్, నా బిళ్ళ చెక్కుచెదరలేదు. బోర్డే నాసిరకం," అన్నాడు, కాలిన బోర్డు సార్ ముందు పెట్టి.

ఈ బుర్రకు ఇంకెన్నిసార్లు చెప్పాలన్నట్టు సార్ నిట్టూర్చి పేపరు అందుకున్నాడు.

అంతలో గంగిరెడ్డి వచ్చాడు. టమాటా కాయ ఊరే సమయంలో తోట వాడిపోతోందట. ఇంటావిడ బిందెలతో మొక్కమొక్కకూ నీళ్లు పోస్తోందట. మనిషి మంచివాడే గానీ, ఆ రోజు నోటికి అడ్డూ అదుపూ లేదు. ఓబులేసు చదువునూ, చేతి పనినీ, వాళ్ల నాయన పెంపకాన్నీ కూడా వదల్లేదు.

ఓబులేసు సార్ వైపు చూశాడు. పెద్దాయన ఒక్క మాటంటే గంగిరెడ్డి ఆగిపోతాడు. సార్ పేపరు తిప్పాడు.

సాయంత్రంలోగా మోటారు ఆడకపోతే తోటను మేకలకు వదిలేస్తానని చెప్పి గంగిరెడ్డి వెళ్లిపోయాడు. ఓబులేసుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతకు మించి సార్ మీద ఒళ్లు మండింది.

"పక్కనే ఉండారు గదా సార్. ఒక్క మాట అడ్డం చెప్పకూడదా?"

"చెప్పాలనే కూర్చున్నా నాయనా. నీ మీద చెయ్యెత్తితే లేద్దామనుకుంటి. ఎత్తకుండానే పాయె."

"అప్పటికే నా మానం పాయె గదా సార్."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నాకేమీ కాలేదులే," అన్నాడు సార్.

ఓబులేసు కాలిన బోర్డునూ, చెక్కుచెదరని బిళ్ళనూ చూశాడు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పెట్టి, ఆ బిళ్ళను ఊడదీయడానికి కూర్చున్నాడు.