నీళ్ళ కింది చేనుకు శిస్తు

ప్రశ్న వేదాంతానికి సంబంధించినదైతే గున్నేశ్వరరావు గారు శాస్త్రంలోంచి జవాబు చెప్పేవారు. ఇంటికీ వాకిలికీ సంబంధించినదైతే తన పాత ఉద్యోగంలోంచి చెప్పేవారు. ఆయన ఇరవై రెండేళ్ళు గ్రామ కరణంగా పనిచేశారు. ఆ పదవులు రద్దయ్యాక రాజమండ్రి వచ్చి, ఒక పాత మేడ కింది భాగం అద్దెకు తీసుకుని, గురువారం సాయంత్రాలు పాఠం చెప్పడం మొదలుపెట్టారు. రుసుం లేదు. వచ్చేవాళ్ళు పదిమందికి మించరు. వాళ్ళలో సగంమంది ఆ రెండో రకం జవాబుల కోసమే వచ్చేవారంటే తప్పులేదు.

ఒక గురువారం ఉమాపతి అడిగాడు. అతను విద్యుత్ శాఖలో ఇంజనీరు. నలభై దాటినవాడు, ఏ ఖర్చైనా దేనికి పెడుతున్నామో తెలియాలనే మనిషి.

"గురువుగారూ, నాకు ఊరి చివర మూడు వందల గజాల స్థలం ఉంది. ఇల్లు కట్టలేదు, ఇప్పట్లో కట్టేదీ లేదు. అద్దె రాదు, పంట రాదు. ఎవరివో మేకలు మేస్తుంటాయి. దానికి ఏటా ఖాళీ స్థలం పన్ను కట్టమని నోటీసు వస్తుంది. నాకేమీ ఇవ్వనిదానికి నేనెందుకు ఇవ్వాలి?"

"మేకల చేత కట్టించండి, తినేది అవేగా" అంది వెనక వరసలోంచి శారదాంబ. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు.

"మీరు నవ్వుతారు గానీ, మూడేళ్ళుగా కట్టడం మానేశాను. ఏమైంది? స్థలం ఎక్కడికీ పోలేదు. అయినా భూమి ఎవరిదీ కాదని గురువుగారే పాఠంలో చెప్తారు."

"పాఠం సంగతి పాఠంలో చూద్దాం" అన్నారు గున్నేశ్వరరావు గారు. "నేను కరణీకం చేసేటప్పుడు పాయలంకలో ఒకావిడ ఉండేది." తర్వాత ఆయన చెప్పింది ఇది.

పాయలంక గోదావరి నడుమ ఉన్న దిబ్బ. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఒండ్రు నేల. పొగాకు, మిరప బాగా పండుతాయి. అక్కడి వాళ్ళకు ఏటితో పెద్ద పేచీ లేదు. అది ఒక గట్టు కోస్తుంది, ఇంకోచోట ఒండ్రు మేట వేస్తుంది. నూకరత్నానికి అక్కడ ఎకరం అరవై రెండు సెంట్ల చేను ఉండేది. భర్త వీర్రాజు పోయాక పట్టా ఆమె పేరు మీదికి మారింది. ఆమెకున్నది అదొక్కటే. భర్త పోయిన రెండో ఏడు వచ్చిన వరదకు ఆ చేను మొత్తం కోసుకుపోయింది. సర్వే రాయితో సహా ఏటి అడుక్కి వెళ్ళిపోయింది.

చుట్టుపక్కల ఇంకా నలుగురి పొలాలు పోయాయి. వాళ్ళు శిస్తు కట్టడం మానేసి, బకాయి కింద పట్టాలు పోగొట్టుకుని, కూలికి పోయారు. నూకరత్నం కూడా కూలికి పోయింది, కానీ శిస్తు మానలేదు. ఏటా మాఘమాసంలో పడవ దాటి కరణం గారి ఇంటికి వచ్చి, కొంగుముడి విప్పి పదకొండు రూపాయలు అరుగు మీద పెట్టేది. రసీదు రాశాక వెంటనే వెళ్ళేది కాదు.

"ఓసారి చదవండి కరణం గారూ."

ఆయన చదివేవారు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, భర్త పేరు. ఆమె తల ఊపుతూ వినేది. ఒక ఏడు ఆయన తొందరలో విస్తీర్ణం చదవడం మరిచిపోతే, "సెంట్లు ఒదిలేశారండి" అని గుర్తుచేసింది.

దాంతో నీళ్ళకు శిస్తు కట్టే మనిషని ఊళ్ళో ఆమెకు పేరు పడింది. మునసబు అయితే ఎదురుపడితే చాలు పలకరించేవాడు. "ఏం నూకరత్నం, చేపలు నీకు కౌలు ఇస్తున్నాయా?"

"ఇవ్వవండి. ఖాళీ చెయ్యమన్నా చెయ్యవు" అనేదామె, ఏ మాత్రం చిన్నబుచ్చుకోకుండా.

ఇలా ఏడేళ్ళు గడిచాయి. ఏడో ఏడు ఆమె వచ్చినప్పుడు చేతికి కట్టు ఉంది. పొగాకు బేళ్ళు ఎత్తుతుంటే మణికట్టు బెణికింది, నెల రోజులుగా కూలి లేదు. అయినా ఆ పదకొండు రూపాయలు ఎక్కడో అడిగి తెచ్చింది. కరణం గారికి మనసు ఒప్పలేదు. ఏటికి శిస్తు కట్టడానికి అప్పు చేయడమేమిటి అనిపించింది.

ఇక్కడ గున్నేశ్వరరావు గారు కాస్త ఆగి, రెవెన్యూ పద్ధతి రెండు మాటల్లో చెప్పారు. భూమి నీటిపాలైతే రైతుకు రెండు దారులు. ఒకటి, ఈ ఏడు పంట లేదు కనుక ఈ ఏడు శిస్తు మాఫీ చేయమని అర్జీ పెట్టుకోవడం. అలా చేస్తే శిస్తు పోతుంది, పట్టా మాత్రం పేరు మీదే ఉంటుంది. కానీ దానికి కరణమూ, పైఅధికారీ ఏటేటా పడవెక్కి వెళ్ళి, నీళ్ళను కళ్ళారా చూసి, చూశామని రాయాలి. రెండోది, ఈ భూమి నాకు వద్దు, ప్రభుత్వానికి వదులుకుంటున్నాను అని రైతు రాసివ్వడం. దాన్ని రాజీనామా అనేవారు. ఒక్క కాగితం, ఒక్క వేలిముద్ర. శిస్తు శాశ్వతంగా పోతుంది. పట్టా కూడా పోతుంది.

"నేను రెండోది చెప్పాను" అన్నారు ఆయన.

నూకరత్నం వెంటనే ఒప్పుకోలేదు.

"మరి ఏరు తిరిగి చేనిత్తేనండి?"

"గోదారి తీసుకున్నది ఇవ్వదు, నూకరత్నం."

"ఇత్తాదండి. మా మావ చిన్నప్పుడు ఓసారి ఇచ్చింది."

"అది వేరే కాలం."

"కాలం వేరైనా ఏరు అదేకదండి."

ఆయనకు కొంచెం చిరాకు వేసింది. మంచి చెబుతుంటే వాదించేవాళ్ళ మీద వచ్చే చిరాకు. ఏడేళ్ళకీ కలిపి ఎంత కట్టిందో వేళ్ళ మీద లెక్కగట్టి వినిపించారు. ఆ డబ్బుతో ఏమేం చేసుకోవచ్చో చెప్పారు. ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"చదువుకున్నోరు, మీకు తెలీదా" అని ఎడమచెయ్యి చాపింది. ఆమె వేలికి సిరా ఆయనే పూశారు.

ఆ ఏడాది జమాబందీలో, అంటే ఊరి శిస్తు లెక్కలన్నీ పైఅధికారి తనిఖీ చేసే రోజున, పాయలంక లెక్క చాలా శుభ్రంగా ఉందని కరణం గారిని అందరి ముందూ మెచ్చుకున్నారు. లేని భూమికి శిస్తు చూపించే వరస ఒకటి తగ్గిందిగా మరి.

మూడేళ్ళు తిరక్కుండానే గోదావరి పాయ మళ్ళింది. శ్రావణంలో వచ్చిన వరద కార్తీకానికి తీసేసరికి లంక తూర్పు వైపున నల్లటి మేట లేచింది. ఏ రాయీ గట్టూ లేకుండా ఎవరి చేను ఎక్కడో చెప్పడం సర్వేయర్లకే కష్టం. నూకరత్నానికి కష్టం కాలేదు. ఇటు ఒడ్డున జంట తాటిచెట్లు, అటు ఒడ్డున రేవు మెట్లు, రెంటినీ కలుపుతూ చూపు సారిస్తే తన చేను ఉత్తరపు హద్దు. పదేళ్ళూ ఆ చూపు ఆమె మరిచిపోలేదు. తడి ఆరీ ఆరకముందే దిగి పెసలు చల్లింది. కొత్త ఒండ్రు, పైరు మోకాలెత్తు లేచింది.

పైరు పూతకొచ్చాక తాలూకా కచేరీ నుంచి తాఖీదు వచ్చింది. పాయలంక తూర్పు మేట ప్రభుత్వ భూమి, దాన్ని అనుమతి లేకుండా సాగు చేస్తున్నవారి పేర్లు రాసి పంపవలసిందని. అలాంటి సాగుకు జరిమానా శిస్తు వేస్తారు. ఆ పేర్ల రిజిస్టరు రాయవలసింది కరణమే. గున్నేశ్వరరావు గారు రెండు రోజులు ఆ పుస్తకం తెరవలేదు. మూడో రోజు తెరిచి, పాత సర్వే నంబరే వేసి, ఎదురుగా ఆక్రమణదారు అన్న గడిలో నూకరత్నం పేరు రాశారు.

ఆమె తనకొచ్చిన జరిమానా తాఖీదు పట్టుకుని వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. అలా చేసి ఉంటే ఆయనకు తేలికగా ఉండేదేమో.

"కడతానంటే వద్దన్నారు. ఇప్పుడు కట్టమంటున్నారు. ఏడేళ్ళు నీళ్ళకి కట్టానండి, ఎవరూ నన్ను దొంగ అనలేదు. ఇప్పుడు నేలకి కట్టమంటూ దొంగని చేశారు. ఇదేం లెక్కండి?"

ఆయన లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి, జరిమానా తానే కడతానన్నారు.

నూకరత్నం ఆ నోట్ల వైపు చూడలేదు. "ఒద్దండి. మీరు కడితే మీ చేనైపోద్ది" అంది.

"అంతవరకూ శిస్తంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను" అన్నారు గున్నేశ్వరరావు గారు. "ఇరవై రెండేళ్ళు వసూలు చేశాను మరి."

ఆమె జరిమానా తానే కట్టి ఆ ఒక్క పంటా తీసుకుంది. ఎండాకాలంలో తూర్పు మేటను కౌలుకు వేలం వేశారు. ఒక పొగాకు వ్యాపారి పాడుకున్నాడు. పాట రోజున నూకరత్నం కూడా వచ్చి, ఒకసారి నోరు తెరిచి తన పాట చెప్పింది. దానికి రెట్టింపు చెప్పి అతను అటు తిరిగాడు. కరణం గారు ఆమె తరఫున పైకి మూడు అర్జీలు రాశారు. మొదటి రెండిటికీ జవాబు లేదు. మూడోది తిరిగొచ్చింది. దానికి రాజీనామా నకలు జతచేసి ఉంది. అందులో రైతు తన ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా భూమి వదులుకున్నట్టు స్పష్టంగా ఉంది. అది రాసిన దస్తూరీ ఆయనదే. చక్కటి దస్తూరీ అని అందరూ అనేవారు.

మరుసటి ఏడు ఆ మేట మీద పొగాకు వేశారు. ఆకు కొట్టడానికి లంక నుంచి కూలీలను పిలిచారు. నూకరత్నం కూడా వెళ్ళింది. వెళ్ళకుండా ఎలా ఉంటుంది? లంకలో ఆ నెలలో వేరే పని లేదు.

ఆయన చెప్పడం ఆపారు. ఉమాపతే ముందు అన్నాడు.

"మీరు ఆవిడ మేలు కోరే చేశారు గురువుగారూ. ఏరు తిరుగుతుందని మీకు మాత్రం ఏం తెలుసు?"

"ఏరు సంగతి తెలియదు. కాగితం సంగతి తెలుసు. రాసిస్తే పట్టా పోతుందని తెలిసే రాయించాను. పడవెక్కి ఏటేటా నీళ్ళు చూసి రావడానికి బద్ధకించాను. దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను. ఆ రోజు నిజంగా జాలిపడ్డాను కూడా, అదే చిక్కు."

శారదాంబ అడిగింది, "ఆ తర్వాత ఆవిడ మిమ్మల్ని ఏమీ అనలేదా?"

"లేదమ్మా. రేవులో కనబడితే నమస్కారం పెట్టేది. మునుపటిలాగే. నేను మాత్రం ఆ రేవుకు వెళ్ళడం తగ్గించాను."

ఉమాపతికి ఇంకా తృప్తి కలగలేదు. అతను నిక్కచ్చి మనిషి; కథ తన ప్రశ్న దగ్గరికి రాలేదనుకున్నాడు. "అయితే ఆ చేను మళ్ళీ ఎప్పటికీ ఆవిడది కాలేదన్నమాట" అన్నాడు.

గున్నేశ్వరరావు గారు పాఠం పుస్తకం విప్పుకుని, ఆగిన చోటు వెతుక్కుంటూ అన్నారు.

"శిస్తు కట్టిన ఏడేళ్ళూ ఆవిడదే నాయనా. అప్పుడు అక్కడంతా నీళ్ళే."