వీరభద్రాచారి పొట్టలో నీరు

యువ డాక్టర్ ప్రభుదాసుకు వచ్చిన చిక్కల్లా, అతని హస్తవాసి మంచిదని ఊరు ఊరంతా ఒప్పుకోవడం. సొంత తమ్ముడి మాట ఏనాడూ ఒప్పుకోని సర్పంచి కూడా ఈ ఒక్క సంగతి ఒప్పుకున్నాడు.

కంసాలి వీరభద్రాచారికి తాగి తాగి కాలేయం గట్టిపడింది. పొట్ట నిండా నీరు చేరింది. ప్రభుదాసు నొప్పి తెలియకుండా సూది గుచ్చి నీరు తీసేవాడు. బకెట్టు నిండేది, పొట్ట దిగేది. మిషన్ ఆస్పత్రి వరండాలో చేరిన జనం ముక్కున వేలేసుకునేవారు.

“మా వీధి కుళాయి కూడా ఇన్ని నీళ్ళివ్వదురా,” అనేవాడు మంగలి సుబ్బన్న. సినిమా హాలు మూతపడ్డాక మా ఊరికి దొరికిన కాలక్షేపం ఇదొక్కటే.

పొట్ట మళ్ళీ నిండేది. ప్రతిసారీ ఇంకాస్త తొందరగా. ఆచారి భుజాలు పుల్లల్లా అయ్యాయి. అందరం పొట్టనే చూస్తున్నాం కనక, భుజాలు చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఉదయం ఆచారి మళ్ళీ వచ్చాడు. ప్రభుదాసు ముందుగా పరీక్షకని కాస్త నీరు సీసాలోకి తీశాడు. దాన్ని పట్టుకుని, తనకు పని నేర్పుతున్న పెద్ద డాక్టరు సిస్టర్ అగాథ గదికి వెళ్ళాడు.

“సిస్టర్, ఈ పాడునీరు తోడినకొద్దీ ఊరుతోంది. ఈసారి చుక్క మిగల్చను.”

సిస్టర్ తక్కువ మాట్లాడే మనిషి. ఊరు మొత్తం మీద అలాంటివారు ఆవిడొక్కరే. సీసాలోని నీరు కొంచెం గాజుగొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద పట్టుకున్నారు.

“ఇది ఎక్కడిదో చెప్పు.”

ప్రభుదాసు ఎక్కం అప్పజెప్పినట్టు అందుకున్నాడు. “కాలేయంలో శోషరసం ఊరుతూ ఉంటుంది. సన్నని శోషనాళాలు దాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలుపుతాయి. కాలేయం గట్టిపడితే, నాళాలు మోయలేనంత ఊరుతుంది. మిగిలింది పొట్టలోకి కారుతుంది.”

పరీక్షలో దీనికి మంచి మార్కులే వచ్చి ఉంటాయి.

గొట్టంలో ఉన్నది నీళ్ళలా మరగలేదు. తెల్లబడింది. ఉడికిన గుడ్డు తెల్లసొనలా తరకలు కట్టింది.

సిస్టర్ దాన్ని పట్టకారుతో అతని కళ్ళ ముందుకు తెచ్చారు. “మళ్ళీ చెప్పు.”

“శోషనాళాలు దాన్ని... తిరిగి రక్తంలో...”

తల తిప్పాడు. తెరిచిన తలుపులోంచి మంచం మీద ఆచారి భుజాలు కనిపించాయి.

“తీయకపోతే ఊపిరాడదు, సిస్టర్.”

“తియ్యి. ఊపిరాడేంత తియ్యి.”

ప్రభుదాసు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆచారి భార్య మహాలక్ష్మి విసనకర్రతో విసురుతోంది.

“అంతా తోడి పారబోయండి బాబూ,” అన్నాడు ఆచారి హుషారుగా. “ఆ దరిద్రం నా ఒంట్లో ఉండకూడదు. బయట జనం కూడా పాపం పనులు మానుకుని వచ్చారు.”

“అది దరిద్రం కాదు ఆచారిగారూ. మీ రక్తంలోంచి కారిన మాంసకృత్తులు, మీ ఒంట్లో సత్తువే.”

విసనకర్ర ఆగింది.

“నాదేనా?”

ఆచారి తన చేతులు రెండూ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎవరివో చూస్తున్నట్టు చూశాడు.

“అయితే ఇంకెంత మిగిలింది బాబూ?”

ప్రభుదాసు తలెత్తి, గుమ్మంలో నిలబడ్డ సిస్టర్ వైపు చూశాడు.

“నన్ను కాదు,” అన్నారు సిస్టర్. “ఆయన్ని చూస్తూ చెప్పు.”