పదిహేడో గుంజ

"ఒరే తవిటీ! మీ తాత బురదలో కూకున్నాడు, లేవనంటన్నాడు!"

కూలి గుడిసెల రెండు వరసల మధ్య దారిలోంచి వంటమనిషి నూకాలు అరుపు అది. తవిటయ్య అప్పుడే కొత్త తలపాగా చుట్టుకుంటున్నాడు. సగం చుట్టిన తలపాగాతోనే పరుగెత్తాడు.

ఇది బర్మాలో, ఐరావతి నది సముద్రంలో కలిసే చోట, చిత్తడి అడవిలో, వందేళ్ళ కిందటి మాట. అక్కడ నేల అంటే మన నేల కాదు. బురద మీద నీళ్ళు, నీళ్ళలో మానులు. ఆ మానులు కొట్టి బయటికి తేవాలంటే రైలే దిక్కు. బురదలో గుంజలు దిగ్గొట్టి, వాటి మీద దూలాలు పరిచి, దూలాల మీద పట్టాలు వేస్తే, చిన్న ఆవిరి ఇంజను బుసకొట్టుకుంటూ దుంగల బళ్ళని లాక్కొచ్చేది. గుంజలు దిగ్గొట్టే పనంతా మనవైపు నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళదే.

వాళ్ళకి మేస్త్రీ దస్తగిరి తాత, కోరంగి రేవు మనిషి. మేస్త్రీ అనడం కన్నా ఫకీరు అంటేనే సరిపోతుంది. జీతం తీసుకునే ఫకీరు ఎక్కడైనా ఉంటాడా అంటే, ఈయన ఉన్నాడు మరి. పగలంతా గుంజలు, సాయంత్రమైతే చేతిలో పూసల దండ. తవిటయ్య పన్నెండేళ్ళుగా ఆయన వెంటే. పని కోసం చేరాడు, మనిషి కోసం ఉండిపోయాడు.

ఈసారి తాత కొత్త వంతెన మొత్తం తవిటయ్యకే వదిలేశాడు. దాని మీద ఇంజను దాటితే ఇక తవిటయ్యే మేస్త్రీ. కట్టినన్నాళ్ళూ తాత అటు తొంగి కూడా చూడలేదు. ముందురోజు మాత్రం బాగుందా అని ఒక్క మాట అడిగాడు. బాగుంది అన్నాడు తవిటయ్య.

కొత్త దారి మీద మొదటి ఇంజను నడిచే రోజున, అది దాటేదాకా అక్కడ ఎవరూ అన్నం ముట్టరు. అది వాళ్ళ కట్టుబాటు. పొద్దున్నుంచీ అరవైమంది ఖాళీ కడుపులతో గట్టు మీద నిలబడి ఉన్నారు. వంతెనకి ఈ చివర ఇంజను పొగ కక్కుతోంది. తవిటయ్య పచ్చజెండా ఊపడమే తరువాయి. చూస్తే వంతెన కింద, నట్టనడుమ, నడుము లోతు బురదలో, వీపు ఒక గుంజకి ఆనించి, పూసలు తిప్పుకుంటూ దస్తగిరి తాత.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. జ్వరం తలకెక్కిందని ఒకడు. మేస్త్రీగిరీ పోతోందని అలిగాడని ఇంకొకడు. ఏదో మొక్కు అయ్యుంటుందని నూకాలు, ఏ మొక్కైనా అన్నం చల్లారకముందు తీర్చుకోవాలి గానీ ఇదేం పద్ధతని కూడా ఆవిడే. ఇంజను డ్రైవరు ఆరోక్యం సగం తమిళంలో, సగం తెలుగులో విసుక్కున్నాడు. రెండు గంటలుగా కట్టెలు తగలేస్తున్నాను, ఇంకెంతసేపని.

తవిటయ్య బురదలోకి దిగాడు.

"ఏటి తాతా ఇది? లేగు. ఇంజను రావాల."

"రానీ."

"నువ్వు కింద ఉంటే ఎలాగొస్తాది?"

"అది వచ్చేది పైన కదా. నాకేం అడ్డం? ఇక్కడ చల్లగా ఉంది."

తవిటయ్యకి బుర్ర పనిచెయ్యలేదు. తెలిసే కూర్చున్నాడా, తెలియక కూర్చున్నాడా?

తెలియాల్సింది ఒకటి ఉంది మరి. పదిమంది మోకు లాగి ఇనుప దిమ్మెని పైనుంచి వదులుతుంటే, ప్రతి గుంజా దిగి దిగి గట్టి నేల తగిలాక మొరాయించాలి. ఇక దిగనంటేనే అది గుంజ. పదిహేడోది మొరాయించలేదు. దెబ్బకి జానెడు చొప్పున పోతూనే ఉంది. ఇంకా పొడుగు మాను కావాలి, అది తేవాలంటే నాలుగు రోజులు పడుతుంది, శుక్రవారానికి ఇంజను దాటిస్తానని తవిటయ్య అందరిముందూ చెప్పేసి ఉన్నాడు. గుంజ తల మిగతావాటితో సమానంగా వచ్చేసరికి, చాలు అన్నాడు. మోకు లాగేవాళ్ళు వదిలేశారు. పైనుంచి చూస్తే అన్నీ ఒకే వరస.

ఆ సంగతి తాతకి తెలిస్తే పదిహేడో గుంజ దగ్గర కూర్చోవాలి. కూర్చున్నది పదో గుంజ దగ్గర. ఇది పరీక్షా, ఎగతాళా, ముసలితనమా? తవిటయ్యకి అంతుపట్టలేదు.

జలగలు పడతాయి లేవమన్నాడు. వాటికీ ఆకలే కదా అన్నాడు తాత.

తవిటయ్య గట్టెక్కి జెండా తీశాడు. చెయ్యి భుజం దాకా లేచింది. దూలాల సందులోంచి తాత బట్టతల కనిపిస్తోంది. పూసలు ఒక్కొక్కటే జరుగుతున్నాయి. అరవైమందీ తవిటయ్య చేతికేసి చూస్తున్నారు.

చెయ్యి దించేశాడు. ఇంజను దగ్గరికి నడిచి వెళ్ళాడు.

"అన్నా, రాకు. పదిహేడో గుంజ గట్టి నేల తాకలేదు. నాకు తెలుసు."

ఆరోక్యం ఇంజనులోంచి వంగి కింది నీళ్ళకేసి ఒకసారి చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

వెనక ఎవడో, మేస్త్రీ అయిపోయాడురోయ్ అని వెక్కిరించాడు. ఇంకెవరూ నవ్వలేదు. తాత బురదలోంచి లేచి వచ్చి, మోకు మొదట్లో నిలబడ్డాడు. ఆయన వెనక తవిటయ్య. నాలుగు రోజుల దూరంలోని మాను కోసం ఆగలేదు. తొందరలో ముందు తోచని ఉపాయం తవిటయ్యకి ఇప్పుడు తోచింది: రెండు మానులు కొసలు కలిపి ఇనుప పట్టీలు బిగించి, పదిహేడోదాని పక్కనే దింపారు. పొద్దు వాలుతుండగా అది మొరాయించింది. తవిటయ్య ఇంకో ఇరవై దెబ్బలు వేయించాడు. అది వెంట్రుకవాసి కదల్లేదు.

ఇంజను దాటేటప్పుడు తాత మళ్ళీ కిందకి దిగాడు. ఈసారి తవిటయ్య కూడా ఆయన పక్కనే కూర్చున్నాడు. జెండా నూకాలు ఊపింది.

తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కుంటుంటే తవిటయ్య ఉండబట్టలేకపోయాడు. ఆ గుంజ సంగతి నీకెలా తెలిసింది తాతా అని అడిగాడు.

"గుంజ సంగతి నాకేం తెలుసురా," అన్నాడు తాత. "రెండ్రోజులుగా నువ్వు మారన్నం అడగటం లేదు."

తవిటయ్య చెంబులో మిగిలిన నీళ్ళు తాత కాళ్ళ మీద పోశాడు.

గట్టు మీద ఆకులు పరిచారు. అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు, ఆరోక్యంతో సహా. అక్కడ మొదటి వడ్డన మేస్త్రీకి. నూకాలు అన్నం గంప పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక, ఇద్దరి ఆకుల మధ్యా ఆగిపోయింది.

తాత తన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

నూకాలు తవిటయ్య ముందు వంగింది.