విరుగుడు మందు ఉందని రాసిన లేఖ

పాడేరు కొండల్లోని ఒక పాముల విష పరిశోధన కేంద్రంలో సుధీంద్ర అనే యువ శాస్త్రవేత్త ఉండేవాడు. పనిలో దిట్టే కానీ, పై అధికారి ఎదుట నిలబడితే అతనికి నోరు పెగిలేది కాదు.

ఒకసారి నేపాల్ నుంచి సరిత అనే డాక్టరమ్మ అతనికి రాసింది. వాళ్ల ప్రాంతంలో ఏటా ఎందరో పాముకాటుకు చనిపోతున్నారట. ఒక విదేశీ సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్‌తో ఇక్కడికి వచ్చి పని నేర్చుకోవాలని ఆమె ఆశ. అందుకు కేంద్రం నుంచి మద్దతు లేఖ కావాలి. ప్రమాదం జరిగితే ఏం చేస్తారో కూడా అందులో రాయాలి.

లేఖ సిద్ధం చేస్తూ సుధీంద్ర మందుల ఫ్రిజ్ తెరిచి చూశాడు. పాముకాటు విరుగుడు మందుకు గడువు ఎప్పుడో తీరిపోయింది. వెంటనే డైరెక్టర్ గజపతిరావు గదిలోకి వెళ్లాడు.

"సార్, విరుగుడు మందు..."

"ఉందని రాయవయ్యా! ఆమె వచ్చేలోపు తెప్పిద్దాంలే. బయటివాళ్ల ముందు మన పరువు తీస్తావా?"

"అది కాదు సార్..."

"ఇంకేమిటి?"

"ఏం లేదు సార్," అన్నాడు సుధీంద్ర. మందు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని రాసి, డైరెక్టర్ సంతకానికి పెట్టాడు.

స్కాలర్‌షిప్ వచ్చింది. సరిత వచ్చింది. మందు మాత్రం రాలేదు.

"మా అమ్మ మొదట వద్దే వద్దంది. మీ లేఖ చదివి వినిపించాకే పంపింది," అని నవ్వింది సరిత. అప్పుడైనా మందు లేదని చెప్పాలనుకున్నాడు సుధీంద్ర. డైరెక్టర్‌కు తెలిస్తే ఏమంటాడోనని ఆ మాట మింగేశాడు. ఆ తర్వాత ఆమె పాముల గదిలోకి వెళ్లినప్పుడల్లా, తిరిగి బయటికి వచ్చేదాకా అతను తలుపు దగ్గరే కాచుకుని ఉండేవాడు.

ఒక ఉదయం ఆమె విషం తీస్తుండగా, నాగుపాము పట్టు తప్పించుకుని ఆమె చేతి బొటనవేలిని కరిచింది.

సరిత కంగారు పడలేదు. చేతిని కదలకుండా పట్టుకుని, "మందు తీసుకురండి," అంది.

సుధీంద్ర కదల్లేదు.

"మందండీ!"

"లేదు," అన్నాడు.

ఆమె ముఖంలో అప్పుడు కనిపించిన భయాన్ని అతను ఎన్నటికీ మరిచిపోలేకపోయాడు.

జీపు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతూ ఆసుపత్రికి దిగుతుంటే, ఆమె కనురెప్పలు వాలిపోసాగాయి. మాట ముద్దగా మారింది. "నిద్రపోవద్దు, నిద్రపోవద్దు," అంటూ సుధీంద్ర ఏడ్చాడు.

ఆసుపత్రిలో మందు ఎక్కించాక ప్రాణం నిలిచింది. బొటనవేలు మాత్రం తీసేయాల్సి వచ్చింది.

తెలివి వచ్చాక సరిత అడిగింది: "లేదని ఒక్క మాట చెప్పి ఉంటే, నేను ఆ గదిలోకి వెళ్లేదాన్నా?"

సుధీంద్ర ఆసుపత్రి నుంచి కేంద్రానికి తిరిగి వచ్చాడు. తిన్నగా డైరెక్టర్ గదికి వెళ్లాడు. "మందు వచ్చేదాకా పాముల గది తెరవను సార్. జరిగింది స్కాలర్‌షిప్ సంస్థకు నేనే రాస్తున్నాను," అన్నాడు. ఆ గది తాళం చెవి ఇచ్చేయమని గజపతిరావు గట్టిగా అరిచాడు. సుధీంద్ర ఇవ్వలేదు.

పైవాళ్లకు భయపడి మనం అబద్ధం రాస్తే, ఆ రాతను నమ్మినవాళ్లు బలైపోతారు. అందుకే ఎంత భయం వేసినా నిజాన్ని ముందే చెప్పాలి.