తాళం కరిగిన కుండ

అనగనగా కాలవ గట్టున ఒక అద్దకం ఊరు. ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడిలో ఒక గది. ఆ గదికి ఒక తాళం.

దుప్పటి కప్పుకో తల్లీ, చెబుతా.

ఆ గదిలో గాజు గొట్టాలు ఉన్నాయట. సీసాలు ఉన్నాయట. ఒక సీసాలోది ఇంకో సీసాలో పోస్తే రంగు మారుతుందట, పొగ లేస్తుందట. అన్నీ 'అట'లే, కళ్ళారా చూసినవాళ్ళు లేరు. గది గోడ మీద మాత్రం నీలం రంగుతో ఇంతింత అక్షరాలు రాసి ఉండేవి: 'జ్ఞానం అందరి సొత్తు'. సరిగ్గా ఆ అక్షరాల కిందే తాళం. అందరి సొత్తయితే ఎవరికి భయపడి వేశారమ్మా ఆ తాళం? అడిగినవాళ్ళూ లేరు.

తాళంచెవి పరాంకుశం మాస్టారి జేబులో ఉండేది. ఆయన రసాయన శాస్త్రం చెప్పేవారు. చెడ్డాయన కాదు. గాజు పగిలితే పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలని భయం, అంతే. అందుకని నల్లబల్ల మీద గొట్టం బొమ్మ గీసేవారు, అందులో సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టేవారు, "ఇది ఇట్లు మారును, రాసుకోండి" అనేవారు. పిల్లలు రాసుకునేవారు. పాతికేళ్ళుగా ఆ బడిలో సుద్దచుక్కలే నీళ్ళు, సుద్దచుక్కలే నిప్పు.

ఆ బడిలో పదో తరగతి చదివే పిల్ల కుముద. వాళ్ళింట్లో అందరూ గుడ్డల మీద బొమ్మలు గీసి రంగులు అద్దేవాళ్ళే. కుముదని పెంచింది మేనత్త తాయారమ్మ. కుముద రోజూ పదకొండు గంటలకి ఆ గది కిటికీ సందులో కన్ను పెట్టేది. ఆ వేళకి పైకప్పు చిల్లులోంచి ఒక్క ఎండచార లోపల పడేది. చీకట్లో ఏదో గాజు తళుక్కుమనేది. అంతే. ఆ ఒక్క తళుకు కోసం కుముద రోజంతా బడిలో కూర్చునేది.

ఒక శుక్రవారం మాస్టారు అన్నారు: "సోమవారం పరీక్ష. ఇరవైముగ్గురూ గట్టెక్కితే గది తీస్తా. ఒక్కరు తప్పినా తియ్యను."

ఇరవైరెండు తలలు ఒక్కసారి కుముద వైపు తిరిగాయి. ఎందుకంటే మూడు ప్రశ్నలు ఎప్పుడూ వచ్చేవి, ఆ మూడూ కుముద ఎప్పుడూ తప్పేది. ఆమ్లం ఏది, క్షారం ఏది అంటే అటుదిటు చెప్పేది. ఇనుముకి తుప్పు ఎలా పడుతుందంటే నోరు పెగిలేది కాదు. రసాయన మార్పు అంటే ఏమిటంటే కళ్ళనీళ్ళే.

"అద్దకం వాళ్ళకి ఆమ్లాలెందుకు, క్షారాలెందుకమ్మా," అన్నారు మాస్టారు నవ్వుతూ. ఆ నవ్వు కుముదకి ఇంటిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

శనివారం కుముద పుస్తకం పట్టుకుని కూర్చుంది. నోట్సు కాగితాలు అయిపోయాయి. ఆమెకి చిన్నప్పటి అలవాటొకటి ఉంది. అత్త బొమ్మలు గీసే వెదురు కలం నీళ్ళలో ముంచి రాతిబల్ల మీద రాసేది. ఆరిపోయాక మళ్ళీ రాసేది. కాగితం ఖర్చు లేదు, తప్పు రాసినా ఎవరికీ తెలియదు.

ఆ రోజు రాతిబల్ల మీద అత్త తెరగుడ్డ పరిచి ఉంది. చుట్టూ నల్లతీగలు గీసింది, నడుమంతా ఖాళీ. పక్కనే గిన్నెలో తేటగా నీళ్ళు. అత్త కాలవ దగ్గరికి వెళ్ళింది. 'నీళ్ళే కదా, ఆరిపోతాయి' అనుకుంది కుముద. కలం ముంచింది. మాస్టారు చెప్పించిన వాక్యం గుడ్డ నడుమ రాసింది: 'రసాయన మార్పులో కొత్త పదార్థం ఏర్పడును. అది మరల మొదటి స్థితికి రాదు.'

ఒకసారి రాసింది. ఆరిపోయింది. దాని కింద మళ్ళీ రాసింది. అదీ ఆరిపోయింది. ఇంకా కింద మూడోసారి రాసింది. అదీ కనపడకుండా పోయింది. అయినా బుర్రలోకి మాత్రం ఎక్కలేదు.

కానీ తల్లీ, అవి ఉత్త నీళ్ళు కావు. పటిక నీళ్ళు! గీసిన చోటు తెలియాలని అత్త ఎప్పుడూ వాటిలో చిటికెడు ఎర్రమట్టి కలిపేది. ఆ రోజు ఇంకా కలపలేదు. ఆ సంగతి కుముదకి తెలియదు.

ఆదివారం పొద్దున్నే నేస్తం హసీనా వచ్చింది, చదువు అప్పజెప్పించుకోవడానికి.

"చెప్పవే, పసుపు క్షారంలో ఏ రంగు?"

"నీలం."

"మీ తాత మీసం! ఒసేయ్, నీ మూలంగా ఇరవైరెండు మందిమి బయటే నిలబడాలా?"

కుముద ముఖం వాడిపోయింది. అరుగు మీద కూర్చుని ఆకూవక్కా వేసుకుంటున్న అత్త ఇదంతా వింది. అప్పుడు లేచి అరచేతిలో చిటికెడు పసుపు వేసుకుంది. ఆకుకి రాసే సున్నం కాస్త వేలితో తీసి పసుపులో రుద్దింది. పసుపు భగ్గున ఎర్రబడింది.

"ఇదేమిటే?"

"పారాణి," అంది కుముద.

"సున్నం క్షారమటే మీ పుస్తకంలో?"

కుముద పేజీ తిప్పింది. "అవునత్తా!"

అప్పుడు అత్త నిమ్మచెక్క పిండింది. ఎరుపు వెనక్కి తిరిగి పసుపయి కూర్చుంది. ఇద్దరు పిల్లలూ ఆ అరచేతిలోకి వంగి చూశారు. ఎన్ని పెళ్ళిళ్ళలో చూశారు ఆ ఎరుపుని! పెళ్ళికూతురి పాదాల మీద చూశారు, హారతి పళ్ళెంలో చూశారు. చూసీ చూడలేదు. కుముద మళ్ళీ సున్నం వేసింది, ఎరుపు. మళ్ళీ నిమ్మరసం పిండింది, పసుపు. మూడోసారి కూడా చేసింది. ఆ పైన ఆమ్లమూ క్షారమూ ఆమెకి ఎన్నడూ తారుమారు కాలేదు.

ఆ తర్వాత అత్త పెరట్లో కుండ మూత తీసింది. గుప్పుమని పులిసిన వాసన. హసీనా ముక్కు మూసుకుంది.

ఆ కుండ కథ ఊరందరికీ తెలుసు. తాయారమ్మ ఎక్కడ తుప్పు మేకు కనపడినా కొంగున కట్టుకునేది. విరిగిన గడియ, పాత లాడం, ఎడ్లబండి సీల, ఏదీ వదిలేది కాదు. అవన్నీ కుండలో వేసి, బెల్లం వేసి, నీళ్ళు పోసి మూడు వారాలు మూసిపెట్టేది. పిల్లలు 'తుప్పత్త' అని ఏడిపించేవాళ్ళు.

"నా కత్తెరకి తుప్పెందుకు పట్టదో చెప్పు," అంది అత్త.

"నూనె రాస్తావుగా. గాలీ తడీ తగలవు."

"చూరు కింద మేకుకి ఎందుకు పడుతుంది?"

"చినుకులు పడతాయి. గాలీ తగులుతుంది." కుముద ఆగిపోయింది. "అత్తా, ఇదే రెండో ప్రశ్న!"

అత్త నవ్వి, కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరబెట్టిన గుడ్డముక్క ఒకటి పరిచింది. కలం కుండలో ముంచి ఒక గీత గీసింది. గీత పలచటి చాయ్ రంగులో ఉంది. అప్పుడు చూస్తుండగానే గీత లోపల ఎవరో దీపం ఆర్పినట్టు నల్లబడింది, ఇంకా నల్లబడింది, కాకి రెక్కలా నిగనిగలాడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఉన్న పిల్లకి ఆ గీతని మొదటిసారి చూస్తున్నట్టనిపించింది. చనిపోయిందనుకున్న ఇనుము లేచి వచ్చి గుడ్డని పలకరిస్తోంది తల్లీ!

ఆ తర్వాత మధ్యాహ్నం, అంచు పువ్వులకి పటిక పెట్టి ఆరబెట్టిన తెరగుడ్డని అత్త కాలవలో జాడించింది. రాగి గంగాళంలో ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేళ్ళు వేసి, నీళ్ళు మరిగించి, గుడ్డ దించింది. కర్రతో తిప్పుతూ ఉంది. పిల్లలిద్దరూ పొయ్యి ఎగదోస్తున్నారు. ఒక్కసారి అత్త చెయ్యి ఆగింది.

కర్రతో గుడ్డ పైకెత్తింది. ఆవిరి లేచింది. ఆవిరి విడిపోయేసరికి, ఖాళీ గుడ్డ మీద అక్షరాలు! దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటిగా తేలి వస్తున్నాయి. కుముద చేతివ్రాత. ఒక వరస. దాని కింద ఇంకో వరస. దాని కింద మూడో వరస.

కుముద గంగాళం దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికింది. "అత్తా, నేను నీళ్ళనుకున్నా! ఆరిపోతుందనుకున్నా!" గుడ్డ లాగి రాతి మీద వేసి రుద్దింది. సబ్బు పెట్టి రుద్దింది. గోళ్ళతో గీకింది. ఎరుపు ఇంకా కాంతిగా మెరిసింది.

రెండు నెలల పని పాడయింది. అత్త తిడుతుందని హసీనా గుమ్మం దాకా జారుకుంది. అత్త తిట్టలేదు. అక్షరం ముక్క రాని తాయారమ్మ ఆ గీతల మీద వేలు పెట్టి, "చదువు," అంది.

కుముద ఏడుస్తూనే చదివింది. "రసాయన మార్పులో కొత్త పదార్థం ఏర్పడును. అది మరల..." తల దించి చూసింది. చేతిలో తడిగుడ్డ. ఎంత రుద్దినా పోని ఎరుపు. "అది మరల మొదటి స్థితికి రాదు."

నీళ్ళయితే ఆరిపోయేవి. పటిక గుడ్డని పట్టుకుంది. వేరు వచ్చి పటికని పట్టుకుంది. మూడూ కలిసి ఇంతకుముందు లేనిదొకటి పుట్టింది. ఆ వాక్యం ఏం చెబుతోందో అదే దాని ఒంటి మీద జరిగింది! కుముద ఏడుపు మరిచిపోయింది. గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయింది.

"మా అమ్మ నాకు నేర్పింది, వాళ్ళమ్మ ఆవిడకి నేర్పింది," అంది అత్త మెల్లగా. "దీనికి ఒక పేరుందని ఎవ్వరూ మాకు చెప్పలేదే."

సోమవారం పొద్దున పరీక్ష. మూడు ప్రశ్నలూ వచ్చాయి. కుముద పుస్తకం మాటలు వెతకలేదు. అరచేతిలో చూసింది రాసింది, కుండలో చూసింది రాసింది, గంగాళంలో చూసింది రాసింది.

మధ్యాహ్నం మాస్టారు వరండాలో కూర్చుని దిద్దారు. పిల్లలందరూ చుట్టూ మూగారు. ఇరవైరెండు కాగితాలు అయిపోయాయి, ఇరవైరెండూ గట్టెక్కాయి. ఇరవైమూడో కాగితం దగ్గర ఎర్రకలం ఆగిపోయింది.

"పారాణి ఏమిటి? కుండేమిటి? పుస్తకంలో ఇలా ఉందా?"

"లేదండి," అంది కుముద. "మా ఇంట్లో ఉందండి."

"ఏదీ, చూపించు."

హసీనా పరుగో పరుగు. కాసేపటికి తాయారమ్మ తెరగుడ్డ భుజాన వేసుకుని వచ్చింది. మాస్టారి ముందు పరిచింది. ఆయన చెప్పించిన వాక్యమే, మూడుసార్లు, ఎర్రగా. ఆయన బొటనవేలు తడి చేసి రుద్దారు. పోలేదు. రుమాలు తడిపి రుద్దారు. పోలేదు. మంచినీళ్ళ చెంబు మొత్తం గుమ్మరించి మరీ రుద్దారు. ఎరుపు తొణకలేదు.

ఆయన కళ్ళజోడు తీశారు. "పాతికేళ్ళుగా ఈ వాక్యం చెబుతున్నానమ్మా," అన్నారు తాయారమ్మతో. "చూడటం ఇవాళే."

అప్పుడు కాగితం మీద మార్కులు వేశారు. పూర్తి మార్కులు. ఆ తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి గది దగ్గరికి నడిచారు. వెనక ఇరవైముగ్గురు. తాళంచెవి పెట్టి తిప్పారు. తిరగలేదు. ఊదారు, తట్టారు, మళ్ళీ తిప్పారు. కదల్లేదు.

"గాలీ, తేమా, మాస్టారూ!" అంది హసీనా.

పిల్లలు గొల్లున నవ్వారు. మాస్టారూ నవ్వారు. ఆ రోజు ఆ నవ్వు ఎవరికీ గుచ్చుకోలేదు. అప్పుడు పిల్లలు రాయి తెచ్చారు. ఒక దెబ్బ వేశారు, రెండు వేశారు. మూడో దెబ్బ కుముద వేసింది. తాళం ఊడిపడింది.

చెప్పులు విప్పమని ఎవరూ చెప్పలేదు. ఇరవైముగ్గురూ గుమ్మం బయటే విప్పారు. లోపల తలుపులోంచి పడ్డ వెలుగులో గాజు గొట్టాలు, ఎవరూ ముట్టుకోని వాన చినుకుల్లా. కుముద కిటికీ సందులోంచి చూసిన తళుకు అదే. దగ్గరికి వెళ్ళి, కొంగుతో సీసాల దుమ్ము తుడిచి, ఒక్కొక్క పేరూ గట్టిగా చదివింది.

"పటిక. సున్నం. పసుపు."

తాయారమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "అదేమిటే, అన్నీ మనవేగా!"

అవును తల్లీ. పాతికేళ్ళు తాళం వేసి దాచింది తాయారమ్మ వంటింటినీ, పెరటినీ. వాళ్ళ చేతుల్లో ఉన్నదాన్నే వాళ్ళకి అందకుండా దాచారు.

అందరూ గది చూస్తుంటే తాయారమ్మ కింద చూసింది. తుప్పు తాళం! వంగి తీసుకుని కొంగున కట్టుకుంది. ఇంటికి వెళ్ళి కుండలో వేసి, కొత్త బెల్లం వేసి, నీళ్ళు పోసి మూత పెట్టింది.

మూడు వారాలయ్యాక మూత తీశారు. తాళం నల్లరంగయింది. తెరగుడ్డని మళ్ళీ కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టారు. కుముద కలం పట్టుకుంది. అక్షరాలని ఎవరూ దాచలేదు. ఒక్కో ఎర్ర అక్షరం చుట్టూ తాళం నలుపుతో ఒక్కో తీగ అల్లింది, చివర ఆకులు, పువ్వులు, ఒక చిలక.

ఆ తెరని ఆ గది గుమ్మానికి కట్టారు. తాళం ఉండే చోట ఇప్పుడు అదే. ఎవరైనా చేత్తో పక్కకి తప్పించి లోపలికి వెళ్ళొచ్చు.

పసుపేమో ఎరుపాయె, తుప్పేమో నలుపాయె,
మూసిన ఆ గదికి తెరే ఇక తలుపాయె.
తాళమేమో కుండకి, తళుకేమో కంటికి,
కథ చేరె కంచికి, కునుకు చేరె మనింటికి.