బోనులో ఏది పడితే అది

మునిరత్నమ్మ గారిని ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ల చేతిలో ముందు ఒక పని పెట్టేవారు. పని ముగిసేసరికి సగం మంది అడిగిన సంగతే మరిచిపోయేవారు. మిగిలిన సగం మందికి జవాబుతో అవసరం తీరిపోయేది. శ్రీకాళహస్తిలో ఆమె పెరట్లో కూర్చుని కలంకారీ నేర్చుకునే ఆడవాళ్లందరికీ ఇది తెలుసు. వనజాక్షికీ తెలుసు. అయినా ఆ ఉదయం ఆమె ఉండబట్టలేకపోయింది.

"అమ్మా, ఆ గండుపిల్లిని బోనులో పట్టి పరీక్ష చేయించాలా, వద్దా?"

ఆ గండుపిల్లి ఎవరిదీ కాదు. బూడిద రంగు ఒళ్లు, తెగిన ఎడమ చెవి. మనిషి చెయ్యి చాస్తే గోడెక్కి కూర్చుంటుంది. రోజూ పది గంటలకు గోడ దిగి, ఆరేసిన బట్టల మధ్య తీరుబడిగా నడుస్తూ, ఒక్కోదాన్నీ వాసన చూసి, తల విదిలించి పోతుంది. అందుకని దానికి తాసీల్దారు అని పేరు పెట్టింది కుప్పమ్మ. ఆ పెరట్లో అందరికన్నా పాత శిష్యురాలు ఆమె, నోరు కూడా అందరికన్నా పెద్దదే. కలంకారీకి బట్టను ముందు గేదెపాలూ కరక్కాయ పొడీ కలిపి అందులో ముంచి ఆరేస్తారు. పాల కొవ్వు బట్టలో నిలిస్తేనే గీసిన గీత పాకకుండా నిలుస్తుంది. తాసీల్దారు వచ్చేది ఆ పాల రుచికే. అది నాకిన చోట గీత పాకేది. అట్లా ఒకసారి కుప్పమ్మ గీసిన సీత పాదం కాస్తా ఏనుగు పాదమైంది. మునిరత్నమ్మ గారు చూసి, నవ్వి, ఆ మరక చుట్టూ నాలుగు గీతలు లాగి తామరాకు చేసి, సీతను దాని మీద నిలబెట్టారు.

వనజాక్షి దిగులు బట్టల గురించి కాదు. ఆ ఇంటి వెనక రెండు గదుల్లో ఆమె అద్దెకుంటోంది. కూతురు హిమజ ఏడో తరగతి. ఆ పిల్ల పెంచుకున్న బంతి అనే పిల్లి పోయిన ఏడాది పది రోజుల్లో చిక్కి శల్యమై చచ్చిపోయింది. పిల్లి నుంచి పిల్లికి ఎంగిలి ద్వారా అంటుకునే వైరస్ వల్లనని తర్వాత తెలిసింది. నెల రోజులు హిమజ అన్నం కలిపి, కలిపిన ముద్దను చూస్తూ కూర్చునేది. ఆ కంచం ఎదురుగా తాను కూర్చున్న సాయంత్రాల గురించి వనజాక్షి ఎవరితోనూ చెప్పుకోలేదు. నాలుగు నెలల కింద బస్టాండు కాలువ పక్కన తడిసి వణుకుతున్న నల్ల కూనను హిమజ చున్నీలో చుట్టుకొచ్చింది. మినుము అని పేరు పెట్టుకుంది. మినుముకు ఇప్పుడు గోడ దూకడం వచ్చింది. నిన్న పొద్దున వనజాక్షి కిటికీలోంచి చూసింది. ఒకే బట్ట అంచును ఆ కొసన తాసీల్దారు, ఈ కొసన మినుము నాకుతున్నాయి. అప్పటి నుంచి ఆమెకు చేతిలో కలం నిలవడం లేదు.

"జబ్బుందని తేలితే ఏం చేస్తావే?" అంది కుప్పమ్మ.

"సంచిలో వేసి ఏటి అవతల వదిలేస్తా. తిరిగి రాలేనంత దూరం."

"లేదని తేలితే?"

"ఎందుకు లేదంటుంది? దాని మొహం చూడక్కా నువ్వు!"

మునిరత్నమ్మ గారు ఈ మాటలేవీ విననట్టే లేచి, ఎండిన పాలబట్టల దొంతర తెచ్చి వనజాక్షి ముందు పెట్టారు. పన్నెండు బట్టలు. ఒకటి తీసి అంచున నలుపు చుక్క పెట్టి చూడాలి. ఇనుమూ బెల్లమూ కలిపి మూడు వారాలు పులియబెట్టిన ఆ నీళ్లు కరక్కాయ తగలగానే నల్లబడతాయి. చుక్క పాకకుండా నిలిస్తే దొంతరంతా గీతకు సిద్ధమైనట్టు. వనజాక్షి పై నుంచి కింది దాకా చూసి, నడిమధ్యన కాస్త పాలిపోయినట్టున్న బట్టను లాగింది. ఆమె చేతి మీద మునిరత్నమ్మ గారి చెయ్యి పడింది.

"అదే ఎందుకు తీసినావు?"

"అనుమానంగా ఉందమ్మా, తెల్లగా."

"పరీక్ష బట్టలకా, నీ అనుమానానికా? కళ్లు మూసుకో. చేతికి ఏది వస్తే అది తియ్."

కళ్లు మూసుకుని తీసింది. చుక్క పెట్టింది. చుక్క నల్లబడి పడినచోటే నిలబడింది. మునిరత్నమ్మ గారు తల ఊపి, తన చోట కూర్చుంటూ, వేరే సంగతేదో గుర్తొచ్చినట్టు అన్నారు. "బోను పెట్టుకోమ్మా. ఒకటే మాట. అందులో ఏది పడితే దాన్ని తీసుకపోవాల. ఏరుకోకూడదు."

"ఇంకేం పడుతుందమ్మా, అదే కదా పడేది!"

"సరే అంటావా, అనవా?"

"సరేనమ్మా."

"నేను పడితేనో?" అంది కుప్పమ్మ.

"నీకు పరీక్ష దేనికే? నోరు తెరిస్తే చాలు, అంతా తెలిసిపోతుంది," అన్నారు మునిరత్నమ్మ గారు.

బోను కుప్పమ్మ తమ్ముడి దగ్గర దొరికింది. ఇనుప చువ్వలది, ముట్టుకుంటే తలుపు దబ్బున పడేది. మొదటి రోజు వనజాక్షి అందులో గిన్నెడు పాలు పెట్టి గడప వెనక పొంచి కూర్చుంది. తాసీల్దారు వేళకే వచ్చింది. బోను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. తర్వాత దానికి వీపు పెట్టి కూర్చుని, దగ్గరున్న బట్ట అంచును తృప్తిగా నాకి పోయింది. కుప్పమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "పెరడంతా పాలు ఆరేసి, గిన్నెలో పాలు పెడతావేందే? కల్యాణ మండపంలో కూర్చున్నోడికి ఇంటికి రా, చారన్నం పెడతా అన్నట్టుంది!"

రెండో రోజు పాలకు బదులు ఎండు చేపలు, నెత్తళ్లు, పెట్టింది. పాలబట్ట ఏ వాసననైనా పీల్చేస్తుంది కాబట్టి బోనును దూరంగా గోడవారకు జరపమన్నారు మునిరత్నమ్మ గారు. జరిపింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. సాయంత్రానికి పన్నెండు బట్టలూ ఘుమఘుమలాడుతున్నాయి. వాటి మీద గీయాల్సింది శ్రీరామ పట్టాభిషేకం. "స్వామికి కిరీటం తర్వాత పెడదాం, ముందు పులుసు పెడదాం," అంది కుప్పమ్మ. కోప్పడతారనుకున్న మునిరత్నమ్మ గారు కొంగుతో కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. ఆ పన్నెండు బట్టలనూ ఉతికి, మళ్లీ పాలల్లో ముంచి, పిండి ఆరేసింది మాత్రం వనజాక్షే. బోను ఇంకా గోడ దగ్గరే ఉంది. నెత్తళ్లు ఇంకా అందులోనే ఉన్నాయి. తాసీల్దారు ఆ రోజంతా అటు రాలేదు.

మూడో రోజు పది గంటలకు దబ్బుమని తలుపు పడిన చప్పుడైంది. వనజాక్షి సంచి, తాడు, మందపాటి దుప్పటి పట్టుకుని పరుగెత్తింది. బోనులో మినుము ఉంది. నోట్లో నెత్తల్లి తోక వేలాడుతోంది. బోను పైన తాసీల్దారు కూర్చుని చువ్వల సందులోంచి కాలు లోపలికి చాచి ఉంది. చేప కోసమే అంది కుప్పమ్మ. కాలు చేప వైపు లేదు, మినుము వీపు వైపు ఉంది. వనజాక్షిని చూడగానే అది ఒక్క గెంతులో గోడెక్కింది.

"అయ్యో, ఇది మాది కదా!" అంటూ వనజాక్షి తలుపు ఎత్తబోయింది.

"పడిందా, లేదా?" అని వెనక నుంచి వినపడింది.

"పడిందమ్మా, కానీ..."

"ఏరుకోవద్దంటిని."

"దీనికేముందమ్మా? ఇంట్లో పిల్లి. మా పక్కలో పడుకుంటుంది. జబ్బంటే దానికి గానీ దీనికెందుకు?"

మునిరత్నమ్మ గారు వాదించలేదు. "ఆటో వాకిట్లోనే ఉంది," అని మాత్రం అన్నారు.

మాటిచ్చాక చేసేదేముంది? దుప్పటి కప్పి, బోనును ఒళ్లో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయింది. డాక్టరు చిన్నపిల్లలాగే ఉంది. మినుముతో కబుర్లు చెబుతూనే చుక్క రక్తం తీసి, చిన్న పట్టీ మీద వేసింది. పది నిమిషాలు ఆగాలంది, రెండు గీతలొస్తే జబ్బున్నట్టంది. వనజాక్షి ఆ పది నిమిషాలూ తాసీల్దారును ఎట్లా పట్టాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. పట్టీ మీద ఒక గీత వచ్చింది. కాసేపటికి, పక్కన సన్నగా ఇంకొకటి వచ్చింది. డాక్టరు కబుర్లు ఆపింది.

"ఇది ఎక్కడ దొరికిందమ్మా?"

"కాలువ దగ్గర. నాలుగు నెలలైంది."

"అప్పుడు పరీక్ష చేయించలేదా?"

"లేదు," అంది వనజాక్షి. మినుము మీది దుప్పటి సర్దింది. తర్వాత అడిగింది. "ఆ గండుపిల్లే అంటించిందా?"

"ఎవరు చెప్పగలరు? తల్లి కడుపులోనే వచ్చుండొచ్చు. మీరు భయపడొద్దు. కొన్నింటికి లోపలే అణిగిపోతుంది, ఇంకో నెలకు మళ్లీ చూద్దాం. అణగకపోయినా, మంచి తిండి పెట్టి ఇంట్లో ఉంచుకుంటే ఏళ్లు బతికినవీ ఉన్నాయి. మనుషులకు అంటదు. గోడ మాత్రం దూకనివ్వకండి. ఆ గండుపిల్లి విషయంలో జాగ్రత్త."

"దాన్ని దగ్గరికి రానివ్వనమ్మా, తరిమేస్తా."

"దాని వల్ల కాదమ్మా. దానికే జాగ్రత్త," అంది డాక్టరు. "దానికి ఇంకా లేకపోతే, దీని ఎంగిలి తగలకుండా చూడాలి కదా."

తిరిగి వస్తూ ఆటో ఏటి వంతెన ఎక్కింది. వనజాక్షి అవతలి గట్టు వైపు చూడలేదు. ఒళ్లో మినుము మిగిలిన నెత్తల్లిని నములుతూనే ఉంది.

సాయంత్రం హిమజ బడి నుంచి వచ్చింది. వనజాక్షి నిలబడే అంతా చెప్పింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. పిల్ల చెప్పులు కూడా విప్పకుండా విన్నది. "చచ్చిపోతుందా?" అని ఒక్కటే అడిగింది. తెలియదంది తల్లి. అబద్ధం చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. డాక్టరన్న మాటలు అన్నవి అన్నట్టే చెప్పింది. హిమజ మినుమును ఎత్తుకుని, దాని మెడ కింద గోకుతూ చాలాసేపు లెక్క వేసుకుంది.

"అయితే ఇంక బయటికి పోదు. నేను బడి నుంచి వచ్చేసరికి రోజూ ఇంట్లోనే ఉంటుంది."

"ఉంటుంది."

"మరి ఆకలేస్తోంది నాకు," అంది ఆ పిల్ల. కంచం ఖాళీ చేసింది. రెండోసారి చారు పోయించుకుంటూ అడిగింది. "అమ్మా, మరి తాసీల్దారుకు ఎవరున్నారు?" వనజాక్షి చారు పోస్తూనే ఉంది. కంచం నిండి చారు కింద పడింది.

మర్నాడు తాసీల్దారు వేళకు గోడ దిగింది. మినుము కిటికీ లోపలి నుంచి గాజును గీరుతోంది. తాసీల్దారు కిటికీ కింద నిలబడి పైకి చూసింది. ఒకసారి అరిచింది. అది అరవగా ఆ పెరట్లో ఎవరూ అంతవరకు వినలేదు. జవాబు రాకపోయేసరికి తన తనిఖీకి తాను పోయింది. కుప్పమ్మ బోనును తమ్ముడికి పంపాలని తాడు కడుతోంది.

"అక్కా, ఇంకో రెండు రోజులు ఉంచు దాన్ని," అంది వనజాక్షి.

"ఏటి అవతలికా?"

వనజాక్షి వంగి తాడు కొస పట్టుకుంది. కుప్పమ్మ మొహంలో నవ్వు పోయి, కట్టిన ముడి తానే విప్పింది. వనజాక్షి మునిరత్నమ్మ గారి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆమె హనుమంతుడి తోకను ఒకే గీతలో లాగుతున్నారు. మధ్యలో ఆపితే గీత చెడుతుంది. కొస దాకా పోయి, కలం ఎత్తేదాకా శిష్యురాలు ఆగింది.

"అమ్మా, దాన్ని పట్టి పరీక్ష చేయించాలా, వద్దా?"

"మొన్న అడిగిందే కదా ఇది."

"మొన్న మినుము కోసం అడిగినానమ్మా."

మునిరత్నమ్మ గారు తల ఎత్తి ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశారు. మళ్లీ కలాన్ని నలుపులో ముంచారు.

"అయితే ఈసారి అడుగున ఏదన్నా మెత్తటిది పరుచు," అన్నారు. "మొన్న ఉత్త ఇనుమే పెట్టినాం."