సుగుణ గిటార్, మావగారి తెలివి

తణుకులో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, గుడిమెట్ల వారింట్లో దొరుకుతుందని గుడిమెట్ల వారు చెబుతారు. వేరే ఎవరూ చెప్పరు. దానికి కారణం ఊళ్ళో వాళ్ళకు తెలివి లేకపోవడమేనని కూడా గుడిమెట్ల వారే చెబుతారు.

వారు ముగ్గురు. తండ్రి కామేశం, పెద్దకొడుకు భద్రం, చిన్నకొడుకు వీరేశం. తలుపులు చేయడం వాళ్ళ వృత్తి. ఆ ఇంట్లో నాలుగో మనిషి భద్రం పెళ్ళాం సుగుణ. ఆవిణ్ణి లెక్కలోకి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. తెలివి లెక్క కదా, ఆడవాళ్ళెందుకు!

ఆమధ్య వాళ్ళు చెక్క మీద బొమ్మలు తొలిచే సీఎన్సీ మెషీన్ కొన్నారు. కొన్న రోజున ముగ్గురూ దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, కొబ్బరికాయ కొట్టి, "ఊఁ, తలుపు చెయ్యి" అన్నారు. అది చెయ్యలేదు. కామేశంగారు గట్టిగా అరిచారు. అయినా చెయ్యలేదు. "చెవుడేమో నాన్నా" అన్నాడు వీరేశం. సుగుణ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మెషీన్‌తో పాటు ఇచ్చిన పుస్తకం చదివి, కంప్యూటర్లో ఒక పద్మం గీసి, పచ్చ బటన్ నొక్కింది. అంతే! గంటలో తలుపు మీద పద్మం పూసింది.

"చూశారా, మన కేకకి భయపడే పని మొదలెట్టింది" అన్నారు కామేశంగారు.

అప్పటినుంచీ ఆలోచన మగవాళ్ళది, నొక్కుడు కోడలిది అని పంపకాలు అయిపోయాయి.

ఈ సుగుణకు ఒక పిచ్చి ఉంది. గిటార్. పెళ్ళికి ముందు నేర్చుకుంది, ఎడమచేతి వాటంతో. ఈమధ్య రాజమండ్రిలో జోసఫిన్ టీచరనే ఆవిడ ఆరుగురు ఆడవాళ్ళతో ఒక బ్యాండు పెట్టి సుగుణనూ పిలిచింది. అందులో ఉన్న గిటార్లన్నీ కుడిచేతివే. సుగుణ తిరగేసి పట్టుకుని, తీగల్ని తలకిందులుగా వెతుక్కుంటూ వాయించేది.

"ఇలా కుదరదు సుగుణా" అంది టీచరు. "వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మన మొదటి ప్రోగ్రాము. అప్పటికి నీకు సరిపడే గిటార్ తెచ్చుకుంటే ముందు వరసలో నిలబడతావు. లేదంటే వెనక నిలబడి చిడతలు కొడతావు. ఇష్టం నీది."

పెళ్ళయిన ఎనిమిదేళ్ళుగా వెనకే నిలబడి ఉన్న మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఎవరో ఆసామి పూజగది తలుపు కోసం ఆఫ్రికా నుంచి వెంగే అనే నల్లచెక్క తెప్పించుకుంటే, అందులో ఒక పలక మిగిలిపోయింది. ఇనుమంత గట్టిది. అలాంటిది ఇంకోటి కావాలంటే మళ్ళీ ఓడ ఎక్కి రావాల్సిందే. కరెంటు గిటార్‌కి పలకే ఒళ్ళు కాబట్టి, సుగుణ దాన్ని అడిగి తీసుకుంది. మెడ, తీగలు, తీగల కింద పెట్టే అయస్కాంతాలు విడిగా తెప్పించుకుంది. ఒళ్ళు మాత్రం తనే కంప్యూటర్లో గీసుకుంది. పలకని మెషీన్ మీద పెట్టి కోయడమొక్కటే మిగిలింది. ఈలోగా రాజమండ్రిలో పది రోజుల రిహార్సల్సు. ఇంకేముంది, ఆ పని మగవాళ్ళకే అప్పజెప్పాల్సి వచ్చింది.

"మావయ్యా, జాగ్రత్తగా వినండి" అంది. "ఇది పరాయి దేశం చెక్క. మన ఊరి గాలికి అలవాటు పడ్డాకే కోయాలి. వారం రోజులు ఆగండి. చుక్క నీరు తగలకూడదు. తర్వాత మెషీన్ మీద బిగించి పచ్చ బటన్ నొక్కండి. మెషీన్ నడుస్తున్నంతసేపూ దానిమీంచి చూపు తిప్పకండి. బొమ్మ చూసి తప్పుందని సరిచెయ్యకండి. ఎడమచేతిది కాబట్టి అద్దంలో చూసినట్టు ఉంటుంది."

"ఇంతేనా? పసిపిల్లలకి చెప్పినట్టు చెబుతున్నావే" అన్నారు కామేశంగారు.

సుగుణ బస్సెక్కింది. మూడో రోజు ఫోను చేసింది.

"చెక్క ఎలా ఉందండీ?"

"బానే ఉంది" అన్నాడు భద్రం. "ఇప్పుడే సినిమా నుంచి వచ్చింది."

"ఏంటి?"

"ఊరి గాలికి అలవాటు పడాలన్నావుగా. హాల్లో మూల కూచుంటే ఊరి గాలి ఎలా తగులుతుందే? నాన్న స్కూటర్ మీద వెనక కట్టుకుని ఊరంతా తిప్పుతున్నారు. నిన్న సంత. ఇవాళ మ్యాట్నీ. దానికీ టికెట్ తీశాం, నిలబడి చూస్తే నడుం వంకర పోతుందని."

చెక్క వంకర పోకుండా చూశారులే, అని సుగుణ సరిపెట్టుకుంది.

"నీళ్ళు తగలనివ్వలేదు కదా?"

"భలేదానివే! ఇంట్లో నీళ్ళే లేకుండా చేశాం. కుళాయికి గుడ్డ కట్టేశాం. ముగ్గురికీ మూడు రోజులుగా స్నానాల్లేవు. తడి చేత్తో పలకని తాకితే?"

"ఏవండీ, చెక్కకి తగలకూడదన్నాను కానీ మీకు కాదు!"

"అలా విడిగా చెప్పలేదుగా" అన్నాడు భద్రం.

అంతే. వారం గడిచేసరికి వీధిలో కుక్కలు కూడా గుడిమెట్ల వారింటి ముందు నుంచి కాక వెనక సందులోంచి తిరిగి వెళ్ళడం మొదలెట్టాయి. "మన తెలివికి జడుస్తున్నాయి" అన్నారు కామేశంగారు.

శనివారం పొద్దున్నే సుగుణ ఇంటికొచ్చింది. గుమ్మంలోనే వాసన. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిన్నగా షెడ్డులోకి పరిగెత్తింది. మెషీన్ పక్కన తన పెళ్ళినాటి డ్రెస్సింగ్ టేబులు నిలబడి ఉంది. బల్ల మీద నల్లగా గిటార్ ఒళ్ళు. ఒక పక్క నున్నగా, అందంగా. రెండో పక్క ఎవరో జామకాయ కొరికినట్టు ఇంత మేర లేదు.

"ఏమైంది?" అంది సుగుణ.

"ఏం కాలేదు వదినా. నేను చూస్తూనే ఉన్నాను" అన్నాడు వీరేశం ఛాతీ విరుచుకుని. "అద్దంలో చూసినట్టు ఉంటుందన్నావుగా. అద్దం తెచ్చి పెట్టి, మెషీన్‌కి వీపు పెట్టి, నాలుగు గంటలు అద్దంలో చూశాను. రెప్ప పడకుండా అన్నయ్య వేళ్ళతో పట్టుకున్నాడు."

"పలక జరిగిపోయిందిరా!"

"అవును, జరిగింది. చూశాను. ముందు కుడిపక్క బిగింపు వదులైంది. చూశాను. తర్వాత ఊడి కిందపడింది. అదీ చూశాను. పలక రెండంగుళాలు పక్కకి నడిచింది. బ్లేడు వచ్చి కొరికింది. అన్నీ చూశాను వదినా, ఒక్కటి వదల్లేదు."

"చూస్తే ఆపాలి కదా!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చూడమంది" అన్నాడు భద్రం. "ఆపమనలేదు" అన్నాడు వీరేశం. "మెషీన్ కూడా అంతే అమ్మాయీ" అన్నారు కామేశంగారు, "చెప్పింది చేసింది. దాన్నేమీ అనవు, మమ్మల్నే అంటావు. మగవాళ్ళంటే అంత అలుసు."

సుగుణ బల్ల పక్కన కూలబడింది. ఏడుద్దామనుకుంది. కానీ రేపు ప్రోగ్రాము. ఏడవడానికీ తీరిక కావాలి. కన్నీళ్ళు మింగి పలకని చేతుల్లోకి తీసుకుని వేళ్ళతో తడిమింది. మెడ దిగే గుంట సరిగానే ఉంది. అయస్కాంతాల గుంటలూ సరిగానే ఉన్నాయి. పలక కదిలింది ఆ తర్వాతేనన్నమాట. పోయింది అంచు. ప్రాణం పోలేదు.

ఆకురాయి తీసుకుంది. సాయంత్రం దాకా ఆ కొరుకుడు అంచుని నునుపు చేసింది. నూనె గుడ్డతో తుడిస్తే చెక్కలోంచి సన్నటి గోధుమరంగు చారలు పైకి లేచాయి. ఒళ్ళో పెట్టుకుని చూసింది. వింత! ఆ కొరుకుడు సరిగ్గా ఆవిడ తొడ మీద కూర్చుంది, కొలిచి తీసినట్టు. మెడ బిగించి, వైర్లు కలిపి, తీగలు కట్టి, చిన్న స్పీకరుకు తగిలించి ఒక్కసారి మీటింది.

జుంయ్‌మని షెడ్డు రేకులు అదిరాయి.

కామేశంగారు వేలుతో గిటార్‌ని ముట్టుకుని పెదవి విరిచారు. "కరెంటు గిటారన్నావు, షాకు కొట్టదే? ఎక్కడో తప్పు జరిగింది."

సుగుణ నవ్వింది. ఎనిమిదేళ్ళలో ఆ షెడ్డులో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి కాబట్టి, స్క్రూ ఏదైనా మింగిందేమోనని భద్రం కంగారుపడ్డాడు.

ఆదివారం ఉదయం ఒక్క పొరపాటు చేసింది. "దీనికో పెట్టె ఉంటే బాగుండు, బస్సులో ఒక్క దెబ్బ కూడా తగలకూడదు" అని పైకి అంది. అనేశాక నాలిక కరుచుకుంది. కానీ అప్పటికే ముగ్గురూ షర్టు చేతులు మడిచారు.

"ఒక్క దెబ్బ కూడా తగలకూడదు. విన్నార్రా?" అన్నారు కామేశంగారు.

టేకు పలకలతో రెండు గంటల్లో పెట్టె లేచింది. నిజం చెప్పాలి, పనిమంతులే. గిటార్‌ని అందులో పడుకోబెట్టి కొలత చూశారు. అతికినట్టు సరిపోయింది.

"గొళ్ళెం ఎక్కడ పెడదాం?" అడిగాడు భద్రం.

"కాస్త ఆలోచించరా" అన్నారు కామేశంగారు. "మన వృత్తి ఏంటి? తలుపులు. తలుపులు ఎందుకు? దొంగ రాకుండా. దొంగ ఎక్కడినుంచి వస్తాడు? తలుపులోంచి. మరి అసలు తలుపే లేకపోతే?"

"నాన్నా!" అన్నాడు వీరేశం. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళూ మనకి తోచలేదే!"

"మూత నేను అతికిస్తా" "కాదు నేను" అని అన్నదమ్ములు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. తండ్రి తీర్పు చెప్పడానికి ఇద్దర్నీ పెరట్లోకి తీసుకెళ్ళారు. ఈలోగా సుగుణ గిటార్‌ని బయటికి తీసి, తీగలు ఒకసారి సరిచూసుకోవడానికి గదిలోకి పట్టుకెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఇంకేముంది! ముగ్గురూ కలిసి మూత పెట్టేశారు. లోపలికి ఎవరూ తొంగి చూడలేదు. చుట్టూ జిగురు, నలభై స్క్రూలు, స్క్రూల మీద లప్పం, లప్పం మీద పాలిష్.

"మావయ్యా, ఆ పెట్టెలో..." అంది సుగుణ.

"మాట్లాడకు, జిగురు ఆరుతోంది."

"ఏవండీ, మీరైనా వినండి, గిటార్..."

"పెద్దాయన పనిలో ఉన్నప్పుడు మధ్యలో దూరకు."

"వీరేశం, అది ఖాళీ..."

"ఖాళీ ఎక్కడ వదినా, వెంట్రుకంత సందు కూడా లేదు. నేను చూశానుగా!"

సుగుణ మూడుసార్లు చెప్పింది. నాలుగోసారి చెప్పాలని నోరు తెరిచి, మూసేసింది. గదిలోకి వెళ్ళి గిటార్‌ని పాత బొంతలో చుట్టి, చంటిపిల్లలా ఎత్తుకుని, "నేను ముందు బస్సుకి పోతున్నా" అని కేకేసింది.

"పో, పెట్టె మేం తెస్తాం. దానికేం దెబ్బ తగలదు!" అన్నారు మగవాళ్ళు.

ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పెట్టెను మధ్యలో పెట్టి, ముగ్గురూ చుట్టూ పడుకుని రాజమండ్రి వచ్చారు. గోతిలో పడిన ప్రతిసారీ దెబ్బలు వాళ్ళే తిన్నారు. హాలుకు చేరేసరికి ప్రోగ్రాము సగం అయిపోయింది. వేదిక మీద ముందు వరసలో సుగుణ. ఎడమచెయ్యి తీగల మీద మెరుపులా ఆడుతోంది. నల్లటి గిటార్ గర్జిస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. జోసఫిన్ టీచరు తన పాట మరిచిపోయి సుగుణ వంకే చూస్తోంది.

"అయ్యో" అన్నాడు భద్రం. "మనం ఆలస్యం చేశాం నాన్నా. పాపం, ఎవరిదో అడుక్కుని వాయిస్తోంది."

"అచ్చు మనదానిలాగే ఉందే" అన్నాడు వీరేశం. "కొరుకుడు కూడా."

"ఒరేయ్, మనది ఎక్కడుంది? పెట్టెలో. పెట్టె ఎక్కడుంది? మన దగ్గర. అలాంటప్పుడు అది మనదెలా అవుతుంది?" అన్నారు కామేశంగారు. కొడుకులిద్దరూ తండ్రి తర్కానికి తలొంచారు.

పాట అయిపోయింది. చప్పట్లు ఆగలేదు. సుగుణ చెమట తుడుచుకుంటుంటే, ముగ్గురూ పెట్టెను భుజాలకెత్తుకుని వేదిక ఎక్కారు. కామేశంగారు నిజాయితీ గల మనిషి. పరాయి సొత్తు క్షణం కూడా ఉంచుకోరు. కోడలి మెళ్ళోంచి గిటార్ తీసి, మైకు అందుకున్నారు.

"అమ్మా, అయ్యా! మా కోడలు ఈ గిటార్ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుంది. ఇది ఎవరిదో వారు చెయ్యెత్తండి, ఇచ్చేస్తాం."

వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. పక్కన ఇంకో అమ్మాయి. ఆపైన వాళ్ళమ్మలు, అమ్మమ్మలు. చూస్తుండగానే హాల్లో ఉన్న ఆడవాళ్ళందరి చేతులూ పైకి లేచాయి. జోసఫిన్ టీచరూ ఎత్తింది. అందరికంటే పైకి సుగుణ ఎత్తింది.

కామేశంగారు కోడలి వంక జాలిగా చూసి, మైకులోనే మందలించారు.

"నువ్వు దించమ్మాయ్. నీది పెట్టెలో ఉంది."